కార్బన్ పట్టీ మీద నలభై ఏళ్లు

ప్లేస్టేషన్ కొన్నవాడికి కంట్రోలర్ ఆ డబ్బాలోనే వస్తుంది. ఏది కొనాలా అన్న తర్జనభర్జన వాడికి లేదు. కంప్యూటర్ కొన్నవాడికి కీబోర్డు వస్తుంది, మౌస్ వస్తుంది, ఆడుకునే కంట్రోలర్ మాత్రం రాదు. పీసీల్లో మొదటినుంచీ అంతే. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారైన సీటీసీలో అసెంబుల్డ్ పీసీలు బిగించిన రోజుల నుంచి ఇవాళ సొంతంగా చిన్న రిపేరు బల్ల పెట్టుకున్నదాకా నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఇదే: "అన్నా, పీసీకి ఏ కంట్రోలర్ తీస్కోవాలె?" ఒక మోడల్ పేరు చెప్పి పంపించెయ్యొచ్చు. చాలామంది షాపువాళ్లు చేసేది అదే. నాకు అది నచ్చదు. ఆ కుర్రాడు పెడుతున్నది నాన్న డబ్బులో, మొదటి జీతమో అయి ఉంటుంది. ఎందుకు కొంటున్నాడో వాడికి తెలియాలి. అది చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. ఈ వస్తువులో ఉన్న ఒక్కో చిక్కూ ఒక్కో కాలంలో పుట్టింది.

అమెరికాలోని ఎంఐటీకి 1961లో పీడీపీ-1 అనే కంప్యూటర్ వచ్చింది. బొమ్మ చూపించే గుండ్రటి తెర ఉన్న యంత్రం అది. 1962లో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు కలిసి దాని మీద స్పేస్‌వార్ అనే ఆట రాశారు. మధ్యలో ఒక నక్షత్రం, దాని చుట్టూ రెండు రాకెట్లు, ఒకరినొకరు కాల్చుకోవాలి. రాకెట్‌ను నడపడానికి వాళ్లకు ఉన్నవల్లా యంత్రం ముందు పలక మీది టెస్ట్ స్విచ్‌లు. ప్రోగ్రాములు పరీక్షించుకోవడానికి పెట్టిన ఆ స్విచ్‌లను గంటలకొద్దీ పైకీ కిందకీ కొడుతుంటే మోచేతులు పట్టేసేవి. పైగా ఆ పలక తెరకు ఒక పక్కగా ఉండేది. తెర వైపు కూర్చున్నవాడికి ఆట బాగా కనిపించేది, రెండోవాడు మెడ సాచి చూసుకోవాల్సిందే.

అదే కాలేజీలో రైలు బొమ్మల క్లబ్బు ఒకటి ఉండేది. పట్టాలు, సిగ్నళ్లు, రిలేలు, స్విచ్‌లు, అన్నీ దొరికే గది. అలన్ కోటక్, బాబ్ సాండర్స్ అనే ఇద్దరు ఆ గదిలో సామాను వెతుక్కుని రెండు చేతి పెట్టెలు కట్టారు. చెక్క పెట్టె, పైన బేకలైట్ పలక, దాని మీద రెండు మీటలు, ఒక బటన్. ఒక మీట అటూ ఇటూ నెడితే రాకెట్ తిరుగుతుంది. రెండోది ఒకవైపు నెడితే ఇంజిన్ మండుతుంది, మరోవైపు నెడితే రాకెట్ మాయమై ఇంకెక్కడో తేలుతుంది. బటన్ నొక్కితే టార్పీడో. ఆ బటన్ చప్పుడు చెయ్యనిది కావాలని ఏరి మరీ పెట్టారు. టక్కుమని వినపడితే పక్కవాడికి మనం కాల్చబోతున్నామని తెలిసిపోతుంది కదా. కంప్యూటర్ ఆటకు కట్టిన తొలి కంట్రోలర్లలో ఒకటి ఇది. ఆడేవాడి మోచెయ్యి నొప్పిని, పక్కవాడి చెవిని కూడా లెక్కలోకి తీసుకుని చేసిన వస్తువు. ఆ తర్వాత ఈ రంగంలో అంత శ్రద్ధ చాలా ఏళ్లపాటు నాకు కనిపించలేదు.

ఆ పెట్టెలో ఉన్నవన్నీ స్విచ్‌లు. ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. కొంచెం తిప్పితే కొంచెం, ఎక్కువ తిప్పితే ఎక్కువ అనే సంగతి వాటికి తెలియదు. ఇళ్లలోకి వచ్చిన కంప్యూటర్లలో ఆ సంగతిని తెచ్చిన వాటిలో ముందు వరస ఆపిల్ 2ది. 1977లో దాన్ని రూపొందించిన స్టీవ్ వోజ్నియాక్‌కు బ్రేకౌట్ ఆట అంటే ప్రాణం. ఆ ఆట తన యంత్రంలో ఆడాలనే దానికి పాడిల్ తగిలించే ఏర్పాటు చేశాడు. పాడిల్ అంటే చేతిలో పట్టే చిన్న డబ్బా, దాని మీద తిప్పే గుబ్బ. గుబ్బ కింద వేరియబుల్ రెసిస్టర్. మా భాషలో పాట్.

పాట్ అంటే ఏమిటో మీకు తెలుసు, పేరు తెలియకపోవచ్చు. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పే గుబ్బ కింద ఉండేది అదే. నేను పని నేర్చుకున్నది కోఠీలో ఒక రేడియో, టీవీ మెకానిక్ దగ్గర. వాల్యూమ్ తిప్పితే గరగరమనే రేడియోలు రోజూ వచ్చేవి. మా గురువుగారు మూత ఊడదీసి చూపించేవారు. గుర్రపు నాడా ఆకారంలో నల్లటి కార్బన్ పట్టీ, దాని మీద పాకే సన్నటి లోహపు నాలుక. నాలుక పట్టీ మీద ఎక్కడుందో దాన్నిబట్టి కరెంటు ఎక్కువా తక్కువా అవుతుంది. ఏళ్లతరబడి రాసుకుని రాసుకుని పట్టీ మీద తెల్లటి గీత పడుతుంది. అరిగిన చోట నాలుక ఆనదు, అందుకే గరగర. "పెట్రోల్ చుక్కేసి నాలుగుసార్లు తిప్పు, ఇంకో ఆర్నెల్లు నడుస్తది, ఆ తర్వాత పట్టీ మార్చాల్సిందే" అనేవారు. ఇవాళ పిల్లలు తెచ్చే కంట్రోలర్లలో నేను చూసేది అదే గీత, అంతకంటే చిన్న పట్టీ మీద.

1981 ఆగస్టులో ఐబీఎం తన పీసీని ప్రకటించింది. ఆఫీసు యంత్రం. అయినా దానికి గేమ్ కంట్రోల్ అడాప్టర్ అని ఒక కార్డు విడిగా అమ్మింది. కార్డు వెనక 15 రంధ్రాల సాకెట్. ఆ కార్డు అమ్మారు గానీ దానికి తగిలించే జాయ్‌స్టిక్ మాత్రం ఆ పీసీకి వాళ్లు అమ్మలేదు, వేరే కంపెనీల దగ్గర కొనుక్కోమన్నారు. పీసీ కంట్రోలర్ కథంతా అక్కడే మలుపు తిరిగింది. రంధ్రం ఒకరిది, కర్ర ఇంకొకరిది. రెంటికీ మధ్య బాధ్యత ఎవరిదీ కాదు.

ఆ కార్డు పనిచేసే తీరు చెప్పకుండా ముందుకు పోలేను, నాకు అంత ఇష్టం అది. జాయ్‌స్టిక్‌లో రెండు పాట్‌లు, ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకు. ఒక్కోటి సున్నా నుంచి లక్ష ఓములదాకా తిరుగుతుంది. కార్డు మీద నాలుగు టైమర్లున్న చిప్ ఒకటి. ప్రాసెసర్ "మొదలుపెట్టు" అనగానే పాట్ గుండా పోయే కరెంటు ఒక చిన్న కెపాసిటర్‌ను నింపడం మొదలెడుతుంది. నిండగానే టైమర్ ఆగుతుంది. నిరోధం తక్కువుంటే గబుక్కున నిండుతుంది, ఎక్కువుంటే మెల్లగా. లక్ష ఓముల దగ్గర సెకనులో వెయ్యోవంతు కంటే కొంచెం ఎక్కువ పడుతుంది. అంతసేపూ ప్రాసెసర్ వేరే పని ఆపుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ కూర్చుంటుంది. ఎన్ని లెక్కపెట్టిందో అదే స్టిక్ ఉన్న చోటు. కొలిచే చిప్ కొనే ఖర్చు లేకుండా కాలంతోనే కొలిచారు. తెలివైన పని.

కానీ ఈ తెలివికి ఒక ఇబ్బంది పుట్టింది. వేగంగా నడిచే ప్రాసెసర్ అదే సమయంలో ఎక్కువ అంకెలు లెక్కపెడుతుంది. పాత యంత్రంలో నడిమధ్య అనిపించిన స్టిక్ కొత్త యంత్రంలో ఓ మూలకు పోయినట్టు లెక్క వస్తుంది. అందుకే ప్రతి ఆటా మొదట కాలిబ్రేషన్ అడిగేది: పై ఎడమ మూలకు నెట్టి బటన్ నొక్కు, కింది కుడి మూలకు నెట్టి నొక్కు, మధ్యలో వదిలి నొక్కు. కొన్ని గేమ్ కార్డుల వెనక వేగం సరిచేసుకోవడానికి చిన్న గుబ్బ కూడా ఉండేది. పక్కింట్లో బ్రహ్మాండంగా పనిచేసిన జాయ్‌స్టిక్ మనింట్లో ఎందుకు తిక్కతిక్కగా ఉందో అప్పట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. స్టిక్‌ది తప్పు కాదు, యంత్రం లెక్క మారిందంతే.

మన ఊళ్లలోకి ఆ 15 రంధ్రాల పోర్టు ఆటల కోసం రాలేదు, పాటల కోసం వచ్చింది. సింగపూర్ కంపెనీ క్రియేటివ్ 1989లో తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డు మీద గేమ్ పోర్టు కూడా కలిపి ఇచ్చారు. దాన్ని చూసి చేసిన చవక సౌండ్ కార్డులన్నిటి మీదా అదే పోర్టు. పాత సాకెట్‌లో రెండు పిన్నులను సంగీతం కీబోర్డుల మిడి సంకేతాలకు మళ్లించారు కూడా. తొంభైల చివర సీటీసీలో సీడీ డ్రైవు, సౌండ్ కార్డు, రెండు స్పీకర్లు కలిపి మల్టీమీడియా కిట్ అని అమ్మేవాళ్లం. సంపూర్ణ మల్టీమీడియా పీసీ కొన్నామని సంతోషపడే ఇంటి పెద్దకు వెనక ఆ పెద్ద సాకెట్ దేనికో తెలిసేది కాదు. చెప్తే, "పిల్లలకు చెప్పకు బాబూ" అనేవారు.

తెలిసినవాళ్లకు మాత్రం ఆ రోజుల్లో గౌరవమైన పేరు గ్రావిస్. కెనడా కంపెనీ. 1991లో పీసీకి గేమ్‌ప్యాడ్ తెచ్చింది. కర్ర బదులు రెండు చేతుల్లో పట్టుకునే బల్లపరుపు ప్యాడ్, ఎడమ బొటనవేలి కింద నింటెండో తరహా దిక్కుల మీట, కుడివైపు నాలుగు రంగుల బటన్లు. ఆ దిక్కుల మీట జపాన్‌లో గున్‌పేయ్ యోకోయ్ 1982లో డాంకీ కాంగ్ చేతి ఆట కోసం చేసిన ప్లస్ గుర్తు లాంటిదాని సంతానమే. గ్రావిస్ దాని నడిమధ్య చిన్న పుల్లను మరతో బిగించుకునే వీలు పెట్టింది. ఎడమచేతివాటం వాళ్లకు ప్యాడ్‌ను తిప్పి పట్టుకునేందుకు ఒక స్విచ్ ఇచ్చింది. కోటక్, సాండర్స్‌లు పెట్టిన శ్రద్ధ వంటిది నాకు అందులో మళ్లీ కనిపించింది. చిక్కల్లా ఐబీఎం సాకెట్‌దే. మొత్తం నాలుగు బటన్లకే చోటుంది, అదీ ఇద్దరు ఆటగాళ్లకు చెరి రెండు. ఒక్క ప్యాడే నాలుగూ తీసేసుకుంటే రెండోవాడికి నొక్కడానికి ఏమీ మిగలదు.

ఈలోగా పీసీ ఆటలే దారి మార్చాయి. వింగ్ కమాండర్, ఎక్స్-వింగ్ లాంటి అంతరిక్ష నౌకల ఆటలున్నంతకాలం కర్రకు విలువ. 1996లో క్వేక్ వచ్చాక మౌస్ గెలిచింది. 1997లో అమెరికాలో క్వేక్ పోటీ గెలిచిన డెనిస్ ఫాంగ్‌కు ఆ ఆట రాసిన జాన్ కార్మాక్ తన ఫెరారీ కారే బహుమతిగా ఇచ్చాడు. ఆ కుర్రాడు ఆడింది కీబోర్డు, మౌస్‌తో. మన నెట్ సెంటర్లలోనూ కౌంటర్-స్ట్రైక్ కాలానికి జాయ్‌స్టిక్ అడిగేవాడే లేడు. ప్యాడ్‌ను బతికించింది ఫీఫా, క్రికెట్. ఇద్దరు ఒకే కీబోర్డు మీద ఆడితే మూడు నాలుగు మీటలు ఒకేసారి నొక్కేసరికి కీబోర్డు కొన్నిటిని మింగేస్తుంది, బంతి పాస్ అవ్వదు, స్నేహితులు కొట్టుకుంటారు. ఆ కొట్లాట వల్లే నా దగ్గర చాలా ప్యాడ్‌లు అమ్ముడుపోయాయి.

అవన్నీ యూఎస్‌బీ ప్యాడ్‌లు. 1996లో యూఎస్‌బీ ప్రమాణం వచ్చింది, కొన్నేళ్లలోనే లెక్కపెట్టే పని ప్రాసెసర్ నెత్తి మీంచి దిగి ప్యాడ్ లోపలి చిప్‌కు పోయింది. 2007లో ఇళ్లకు వచ్చిన విండోస్ విస్టా పాత గేమ్ పోర్టును గుర్తించడమే మానేసింది. ఒక బాధ తీరింది, ఇంకోటి మొదలైంది. ప్యాడ్ విండోస్‌కు చెప్పేది "ఒకటో బటన్ నొక్కారు, మూడో బటన్ నొక్కారు" అని మాత్రమే. ఒకటో బటన్ ఎక్కడుంది అన్నది కంపెనీ ఇష్టం. ఊరికో కొలత అన్నట్టు ఒకరి ప్యాడ్‌లో ఒకటి పైన, ఇంకొకరి దాంట్లో ఒకటి కింద. తెర మీద "మూడో బటన్ నొక్కు" అని వస్తే చేతిలో ప్యాడ్‌ను తిప్పి తిప్పి వెతుక్కునేవారు పిల్లలు. మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతికి పెట్టిన పేరు డైరెక్ట్ఇన్‌పుట్.

దానికి విరుగుడు కూడా మైక్రోసాఫ్టే తెచ్చింది. 2005లో ఎక్స్‌బాక్స్ 360తోపాటు వచ్చిన ఎక్స్ఇన్‌పుట్. అందులో ప్యాడ్ రూపమే ఖాయం: రెండు స్టిక్కులు, నాలుగు దిక్కుల మీట, ఏ, బీ, ఎక్స్, వై, భుజాల మీద రెండు బటన్లు, రెండు ట్రిగ్గర్లు. ఆట రాసేవాడికి ఇక వెతుకులాట లేదు, తెర మీద ఆకుపచ్చ ఏ గుర్తు వేస్తే చాలు. ఆ ప్యాడ్ వైరుతో పీసీకి నేరుగా తగిలేది. కొత్త ఆటలు చాలావరకు దీన్నే వినడం మొదలెట్టాయి. దాంతో ఇళ్లలో ఉన్న చవక ప్యాడ్‌లన్నీ మూగవైపోయాయి. ఎక్స్360సీఈ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉండేది, పాత ప్యాడ్‌ను ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌గా ఆటను నమ్మించేది. కుర్రాళ్లు పెన్‌డ్రైవులో పట్టుకుని తిరిగేవారు.

నా బల్ల మీద ఇప్పటికీ ఒక లాజిటెక్ ఎఫ్310 ఉంటుంది. ఆ కాలం మొత్తం దాని వీపు మీద చూపించొచ్చు. 2010లో వచ్చిన ప్యాడ్. తిరగేస్తే గోటితో జరిపే చిన్న స్విచ్, ఒక పక్క డీ, ఇంకో పక్క ఎక్స్. డీ అంటే పాత పద్ధతి, ఎక్స్ అంటే కొత్త పద్ధతి. "ప్యాడ్ చెడిపోయింది అన్నా" అని తెచ్చిన పిల్లలకు ఆ స్విచ్ జరిపి ఇచ్చేసిన సందర్భాలున్నాయి. డబ్బులు తీసుకోలేదు. ఇంకో చిక్కు చెప్పాలి: ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌ను పాత పద్ధతిలో చదివే ఆటలో రెండు ట్రిగ్గర్లూ ఒకే గీత మీద కనిపిస్తాయి. ఒకటి అటు లాగితే ఇంకోటి ఇటు లాగుతుంది. కారు ఆటలో యాక్సిలరేటర్, బ్రేకు కలిపి నొక్కితే రెండూ కొట్టుకుపోయి ఏమీ నొక్కనట్టు అవుతుంది. పాత రేసింగ్ ఆటలు ఇష్టపడేవాళ్లు కంట్రోలర్ కొనేముందు నేను తప్పకుండా చెప్పే మాట ఇది.

వాల్వ్ కంపెనీ, పీసీ ఆటలు అమ్మే తన స్టీమ్ ప్రోగ్రాం ద్వారా, ఈ గోడల్ని చాలావరకు కూల్చింది. సొంతంగా 2015లో స్టీమ్ కంట్రోలర్ తెచ్చింది, 2019లో ఆపేసింది. దానికంటే మేలు చేసింది 2016 చివర్లో ప్లేస్టేషన్ 4 ప్యాడ్‌ను, తర్వాత నింటెండో ప్యాడ్‌ను స్టీమ్‌లోకి రానివ్వడం. ఇవాళ ఇంట్లో ఏది ఉంటే అది పీసీకి తగిలించి ఆడుకోవచ్చు, స్టీమ్ బయట ఆడే ఆటలకు మాత్రం ఎక్స్ఇన్‌పుట్ ఉంటేనే నిశ్చింత.

2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ గురించి మనవాళ్లు తక్కువగా మాట్లాడుకుంటారు. చేతులు సరిగా ఆడనివాళ్ల కోసం చేసినది. రెండు పెద్ద నల్లటి గుండ్రటి బటన్లు, వెనక వరసగా 3.5 మిల్లీమీటర్ల జాక్‌లు. ఒక్కో జాక్ ఒక్కో బటన్. కాలితో నొక్కే స్విచ్ కావాలన్నా, తలతో తాకేది కావాలన్నా తెచ్చి గుచ్చొచ్చు. హెడ్‌ఫోన్ పిన్ను పట్టే ఆ రంధ్రాన్ని చూస్తే నాలాంటి రేడియోవాడికి ప్రాణం లేచొస్తుంది. రెండు తీగలు కలిస్తే నొక్కినట్టు, విడిపోతే వదిలినట్టు. కుడిచేయి లేని ఒక అబ్బాయికి కోఠీలో దొరికే పెద్ద పుష్ బటన్, ప్లాస్టిక్ డబ్బా, మోనో పిన్నుతో మోకాలి కింద పెట్టుకునే స్విచ్ కట్టి ఇచ్చాను. చప్పుడు చెయ్యని బటనే వెతికి పెట్టాను.

ఇక కార్బన్ పట్టీ. 2013 నాటి ప్లేస్టేషన్ 4 ప్యాడ్ విప్పండి, 2020 నాటి ప్లేస్టేషన్ 5 ప్యాడ్ విప్పండి, అదే ఏడు వచ్చిన ఎక్స్‌బాక్స్ ప్యాడ్ విప్పండి. స్టిక్ పక్కన గోరంత డబ్బాలు రెండు. మూత లేపితే లోపల నల్లటి పట్టీ, దాని మీద సన్నటి నాలుక. సంఖ్యలు మారాయి, ప్లాస్టిక్ మెరుగైంది, పద్ధతి మాత్రం 1977 నాటి పాడిల్‌దే. పట్టీ అరిగితే స్టిక్ మధ్యలో ఉన్నా లేనట్టు లెక్క వస్తుంది, తెర మీది మనిషి తనంతట తాను నడుస్తాడు. రేడియో అయితే గరగరమంటుంది, ఇది డ్రిఫ్ట్ అవుతుంది. మార్చాలంటే ఆ స్టిక్ మాడ్యూల్ బోర్డుకు 14 చోట్ల అతికి ఉంటుంది. పద్నాలుగు చోట్లా టంకం కరిగించి పీల్చాలి, ఒక్క చోట తొందరపడినా బోర్డు మీది రాగి లేచి వస్తుంది.

ఇది తప్పించుకోలేని రోగం కాదు. అందుకే నాకు కోపం. 1879లో ఎడ్విన్ హాల్ అనే విద్యార్థి కరెంటు పారే లోహం దగ్గరికి అయస్కాంతం తెస్తే పక్కవాటుగా చిన్న వోల్టేజి పుడుతుందని కనిపెట్టాడు. స్టిక్ మొదట్లో అయస్కాంతం, దాని ఎదురుగా ఆ వోల్టేజిని చదివే సెన్సర్. రెండూ ఒకదాన్నొకటి తాకవు, అరగడానికి పట్టీ ఉండదు. సేగా కంపెనీ 1996లో సాటర్న్ యంత్రం 3డీ ప్యాడ్‌లో దీన్ని పెట్టింది, 1998లో డ్రీమ్‌కాస్ట్ ప్యాడ్‌లోనూ పెట్టింది. ఆ తర్వాత సేగా యంత్రాలు చెయ్యడం మానేసింది. మిగిలిన పెద్ద కంపెనీలు చాలావరకు చవకైన పాట్‌తోనే ఉండిపోయాయి. ఇరవై ఏళ్లకు పైగా గడిచాక చైనా కంపెనీలు, గులికిట్, 8బిట్‌డూ లాంటివి, అయస్కాంతాన్ని మళ్లీ తెచ్చాయి. ఇప్పుడు టీఎంఆర్ అనే ఇంకో అయస్కాంత పద్ధతీ వచ్చింది. కరెంటు తక్కువ తాగుతుంది, వైర్‌లెస్ ప్యాడ్‌కు అది మేలు.

అందుకని ఇవాళ నన్ను అడిగినవాళ్లకు చెప్పేది ఇదీ. ముందు మీరు ఆడే ఆటలేవో చెప్పండి. ఫుట్‌బాల్, కార్లు, కత్తియుద్ధాలైతే ప్యాడ్ కొనండి. తుపాకీ ఆటలకే అయితే ఆ డబ్బుతో మంచి మౌస్ కొనండి. ప్యాడ్ అయితే ఎక్స్ఇన్‌పుట్ ఉందో లేదో చూడండి. పాత ఆటలు కూడా ఆడతారంటే రెండు పద్ధతులకూ మారే స్విచ్ ఉన్నది వెతకండి. పోటీగా ఆడేవాళ్లైతే వైరున్నది తీసుకోండి, బ్యాటరీ ఎప్పుడు పోతుందోనన్న బెంగ ఉండదు. పెద్ద పేరు కంటే లోపలి స్టిక్ చూడండి. డబ్బా మీద హాల్ అని పెద్ద అక్షరాల్లో ఉంటే అక్కడే ఆగొద్దు, కింద చిన్న అక్షరాలు చదవండి. కొన్నిట్లో అయస్కాంతం ట్రిగ్గర్లకే ఉంటుంది, స్టిక్కుల కింద మాత్రం పాత పట్టీయే ఉంటుంది. ట్రిగ్గర్లూ స్టిక్కులూ రెండూ అని విడివిడిగా రాసి ఉంటేనే డబ్బు ఇవ్వండి.